నాలుగో బాటలో గుంట

ఆకెన్‌బ్రే ఊళ్ళో ఎఫీ డన్స్‌మూర్ గొంతు ఎరగని పక్షి లేదు. ఆవిడ ఆడే రోజుల్లో మంచు మీద నిలబడి "ఊడవండే" అని ఒక్క కేక పెడితే, రేవులో చేపల పెట్టెల మీద వాలిన సీగల్ పక్షులన్నీ లేచి ఎదురుగా ఉన్న దీవికి పోయి, సాయంత్రానికి గానీ ఇటు తొంగిచూసేవి కావట. ఒకసారి ఆ కేకకి కొండవాలు మీద మేస్తున్న గొర్రెలు వరస కట్టి మంచు ఆట ఆడే రింకు తలుపు దాకా నడిచొచ్చాయని కూడా చెబుతారు. గొర్రెల సంగతి నమ్మనివాళ్ళు ఉన్నారు. పక్షుల సంగతి మాత్రం ఊరంతా ఒప్పుకుంటుంది.

అంత కేక ఎందుకంటే, కర్లింగ్‌లో అది లేకపోతే పని జరగదు. గ్రానైటు రాయిని పిడి పట్టి మంచు బాట మీద జారవిడిస్తే, అది మెల్లగా ఒంపు తిరుగుతూ ఆ చివర గీసిన గుండ్రాల్లోకి పోవాలి. ఆ గుండ్రాలకి ఇల్లు అని పేరు. రాయి ముందు ఇద్దరు చీపుళ్ళతో మంచుని రుద్దుకుంటూ పరిగెడితే అది ఇంకాస్త దూరం, ఇంకాస్త తిన్నగా పోతుంది. ఎప్పుడు రుద్దాలో, ఎప్పుడు చీపురు ఎత్తెయ్యాలో ఇంట్లో నిలబడ్డ స్కిప్, అంటే జట్టు నాయకుడు, అరిచి చెప్పాలి. ఎఫీ అలా అరిచీ అరిచీ జిల్లా కప్పులన్నీ ఇంటికి మోసుకొచ్చింది. అందులో ఒక కప్పులో ఇప్పుడు వంటింటి కిటికీ దగ్గర ఉల్లికాడలు పెరుగుతున్నాయి.

పెద్ద ఓటమి ఒక్కటే. పెర్త్‌లో, స్కాట్లాండ్ మొత్తానికి జరిగిన ఫైనల్లో, ఆఖరి రాయికి ఓడిపోయింది. కర్లింగ్‌లో గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి మొదటి గ్లాసు కొనివ్వాలి. ఓడినవాళ్ళు పక్కన కూర్చుని అది తాగాలి. ఇష్టం ఉన్నా లేకపోయినా అంతే, తాతల నాటి మర్యాద. ఎఫీ తాగింది. ఆ విస్కీ బురదనీళ్ళలా ఉందని ఇప్పటికీ అంటుంది. ఆ రోజు మొదలు ఎవరు ఏది కొనిస్తామన్నా ముందు వాళ్ళ మొహం, తర్వాత గ్లాసు అడుగు, మళ్ళీ వాళ్ళ మొహం చూడడం ఆవిడకి అలవాటైపోయింది.

ఆట ఆవిడకి కప్పులతో పాటు ఇంకో రెండు ఇచ్చింది. ఒకటి, రెండు రాళ్ళ మధ్య నలిగి బయటికి వంగిపోయిన ఎడమచేతి చిటికెన వేలు. టీ కప్పు పట్టుకుంటే ఆ వేలు పక్కన ఎవరుంటే వాళ్ళ మీద నేరం మోపుతున్నట్టు చూపించేది. రెండోది, మడత పడనని మొండికేసిన కుడి మోకాలు. మోకాలు పోయాక రాళ్ళు వదలడం మానేసి కోచ్ అయింది. ఊరి ఆడపిల్లల జట్టుని చేతిలోకి తీసుకుంది. స్కిప్ రోనా, నోరు ఊరుకోని మిర్రన్, ముందు ఊడ్చే కవలలు ఇద్దరు. ఆ నలుగురినీ రోజూ సాయంత్రం నాలుగో బాట మీద నిలబెట్టి పిండేసేది.

నేర్పే పద్ధతి ఆవిడది ఆవిడకే ఉండేది. రాయి ఏ దారిన పోవాలో నోటితో చెబితే చాలదని, కోటు ఎగ్గట్టుకుని మంచు మీదికి దిగి, బాట మధ్యకి కాస్త ఇవతల, ఒక మోకాలు మీద వాలిపోయేది. రెండో మోకాలు వంగదు కాబట్టి బరువంతా ఎడమచేతి మీద వేసేది. చేతికి తొడుగు ఉండేది కాదు. తొడుగేసుకుంటే మంచు మాట వినపడదని అనేది. "ఇదిగో అమ్మడూ, రాయి నా చేతి మీదుగా పోవాలి, చూసుకో" అని, రోనా సర్దుకుని కూర్చునేదాకా, కూర్చున్నాక దాని భుజం ఎక్కడ తప్పో చెప్పేదాకా, చెప్పాక పెర్త్ ఫైనల్ కథ ఇంకోసారి అయ్యేదాకా అక్కడే ఆని ఉండి, అప్పుడు లేచి పక్కకి జరిగేది.

దాంతోపాటు రోజూ ఒక పాఠం ఉండేది. ఊడుస్తుంటే చీపురు గానీ బూటు గానీ కదిలే రాయికి తగిలితే, తగిలించినవాళ్ళే చెయ్యెత్తి చెప్పాలి. ఎదుటివాళ్ళు చూసినా చూడనట్టే ఉండాలి. నీ చీపురు తగిలిందని వేలెత్తి చూపడం కర్లింగ్‌లో బూతు మాటతో సమానం. చెయ్యెత్తి ఒప్పుకున్నాక, ఆ రాయిని ఏం చెయ్యాలో ఎదుటి స్కిప్ చెబుతాడు: తీసేయమంటే తియ్యాలి, జరపమంటే జరపాలి, ఉండనిమ్మంటే ఉంచాలి. ఈ పాఠం కవలలు నిద్రలో కూడా అప్పజెప్పేవాళ్ళని వాళ్ళమ్మ చెప్పేది.

ఇలా ఉండగా, కొత్త సంవత్సరం పండగ అయిన కొన్నాళ్ళకి, పోటీలు దగ్గరపడి ఎఫీ పాఠాలు పొడుగవుతున్న రోజుల్లో, నాలుగో బాటలో రాళ్ళు చెడిపోయాయి.

సరిగ్గా ఎఫీ చెప్పిన దారినే బయల్దేరిన రాయి, సగం దూరం పోకుండానే, ఎవరో చెవిలో పిలిచినట్టు ఉలిక్కిపడి పక్కకి తిరిగేది. ఇంట్లోకి పోవాల్సింది పక్క గోడని పలకరించి వచ్చేది. ఎఫీ ముందు రోనా మణికట్టుని అనుమానించింది. తర్వాత రాళ్ళని. ఒక్కో రాయినీ బోర్లించి, మెడలోని మఫ్లరుతో తుడిచి, వాసన కూడా చూసింది. ఆ తర్వాత చీపుళ్ళు. ఆ తర్వాత మిర్రన్ పెంచే పిల్లి. పిల్లి వెంట్రుకలు బూట్లకి అంటుకొచ్చి మంచు మీద పడుతున్నాయని తేల్చి, ఆ పిల్ల బూట్లని ఇంటి నుంచి గుడ్డ సంచిలో తెమ్మంది.

మిర్రన్ సంచి తెచ్చింది గానీ ఊరుకోలేదు. "కోచ్, మీరు అలా చెయ్యి పెట్టి..." అని ఏదో అనబోయింది.

"నా చేతుల సంగతి నీకెందుకు తల్లీ, నీ కాళ్ళ సంగతి చూసుకో" అని ఎఫీ అక్కడికక్కడే నోరు మూయించింది.

బూట్లు మారాయి. రాయి మారలేదు. దాంతో అనుమానం తిరిగీ తిరిగీ గిబ్బీ మీద వాలింది.

గిబ్బీ మెక్‌స్కిమింగ్ రింకులో మంచు చూసుకునేవాడు. ఎఫీ ఈడువాడే. వయసులో ఉన్నప్పుడు ఆవిడ జట్టులో ఊడ్చాడు కూడా. అందుకే ఇప్పటికీ ఆవిడని స్కిప్పూ అనే పిలిచేవాడు. మంచుని మొదట గీకి చదును చేసి, ఆ మీదట వీపుకి నీళ్ళ డబ్బా కట్టుకుని, కళ్ళాపి చల్లినట్టు వెనక్కి నడుస్తూ సన్నటి చుక్కలు చల్లేవాడు. ఆ చుక్కలు గడ్డకట్టి ఆవగింజలంత బుడిపెలవుతాయి. రాయి ఆ బుడిపెల మీదే నడుస్తుంది. గిబ్బీ చల్లిన మంచు మీద చీమ జారిపడితే దానికి ఏ కాలు బెణికిందో కూడా ఆయన చెప్పగలడని ఊళ్ళో అనుకునేవారు. అలాంటి మనిషి బాటలో రాయి వంకర పోతుంటే తెలియకుండా ఉంటుందా? తెలిసే ఊరుకున్నాడంటే, కావాలనే చేస్తున్నాడన్నమాట. ఎఫీ లెక్క అదీ.

పైగా కారణం కూడా దొరికింది. శనివారం మధ్యాహ్నం ఆకెన్‌బ్రే పిల్లలకి కార్‌మెలో పిల్లలతో మ్యాచ్. గెలిచినవాళ్ళు జాతీయ పోటీలకి పోతారు. కార్‌మెలో జట్టు స్కిప్ ఎవరయ్యా అంటే, గిబ్బీ చెల్లెలి కూతురు. ఆ ముక్క గుర్తొచ్చిన క్షణాన ఎఫీ బేకన్ పెట్టిన రొట్టె తింటోంది. నోట్లో ముద్ద అలాగే ఉండిపోయిందట.

ఇక చూడండి, గిబ్బీ ఏం చేసినా అందులో మెలిక కనిపించడం మొదలైంది. ఈల వేస్తే కార్‌మెలో వాళ్ళకి సైగ. ఈల వెయ్యకపోతే తప్పు చేసినవాడి భయం. ఒకరోజు ఆవిడకి మిఠాయి బిళ్ళ ఇవ్వబోయాడు. ఎఫీ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో వేసుకుని, బయటికొచ్చాక సీగల్‌కి పెట్టింది. పక్షి అది తిని హాయిగా ఎగిరిపోయింది. అయినా ఆవిడ అనుమానం తగ్గలేదు. పక్షికీ మనిషికీ ఒంటి తీరు వేరు కదా అనుకుంది.

చివరికి ఒక ఉదయం, గిబ్బీ కంటే ముందే రింకుకి పోయి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని, మెట్ల మీది గ్యాలరీలో పేర్చిన కుర్చీల వెనక దాక్కుంది. వెంట ఫ్లాస్కులో పప్పు సూప్ తెచ్చుకుంది. మోకాలు మడవలేదు కాబట్టి ఒక కాలు కుర్చీల కింద నుంచి బయటికి చాపి కూర్చుంది. కింద నుంచి ఎవరన్నా తలెత్తితే ఆ కాలు ముందు కనిపిస్తుందన్న సంగతి తట్టలేదు.

గిబ్బీ వచ్చాడు. దీపాలు వేశాడు. బాటలన్నీ ఒక చుట్టు చూశాడు. తర్వాత తన గదిలోకి పోయి, ఆవిరి కక్కుతున్న కెటిల్‌ని మాడిన గుడ్డతో పట్టుకుని బయటికొచ్చాడు. తిన్నగా నాలుగో బాట మీదికే నడిచాడు. మధ్యకి కాస్త ఇవతల వంగి, ఒక్కచోటే, చంటిపిల్లకి పాలు పట్టినంత జాగ్రత్తగా, కెటిల్ కొమ్ములోంచి సన్నటి ధార పోశాడు. పోసి, అటూ ఇటూ చూసి, ఆ చోటిని గుడ్డ అంచుతో మెత్తగా అద్దాడు.

ఎఫీ సూప్ గుటక వెయ్యడం మర్చిపోయింది. వేడి నీళ్ళు, అదీ మ్యాచ్ ఆడే బాట మీద, సరిగ్గా తను రోజూ పిల్లలకి చూపించే దారిలో. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఆ పూట గిబ్బీ ఎదురైతే ఆవిడ ఊరికే ఉండలేకపోయింది.

"పొద్దున్నే కెటిల్‌తో ఏం పనయ్యా?" అంది.

"టీ."

"మంచుకి పోస్తావా టీ?"

"దానికీ చలేస్తుంది కదా స్కిప్పూ." గిబ్బీ మొహంలో నవ్వు లేదు. కాసేపు ఆవిడ చేతుల కేసి చూసి, "నాకేమన్నా చెప్పేదుందా?" అన్నాడు.

"నేనేం చెప్పాలి? చెప్పాల్సింది నువ్వు."

"నేను కాదు" అని గిబ్బీ నీళ్ళ డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాటని ఎఫీ ఇంటిదాకా మోసుకుపోయింది. నేను కాదు అన్నాడంటే ఇంకెవరో ఉన్నారని. అంటే ఇది ఒక్కడి పని కాదు, ముఠా. దోవలో కనిపించిన పోస్టుమాన్‌ని కూడా ఆవిడ ఆ రోజు ఓరకంట చూసింది.

మర్నాడు క్లబ్బు పెద్ద నినియన్ బాయిడ్ దగ్గరికి పోయింది. నినియన్‌ది మాంసం కొట్టు. పిండిలో మాంసం కూరి ఆయన కాల్చే మటన్ పైల వాసనకి ఆదివారం ప్రార్థన సగంలో పాస్టరే ముగించేస్తాడని ప్రతీతి. గొడవలంటే పడని మనిషి. ఎఫీ చెప్పిందంతా విని, కత్తి నూరుకుంటూ, గిబ్బీ అలాంటివాడు కాడన్నాడు, మంచు కదా, దానికీ రోజులు బాగుండవన్నాడు, ఒక పై తిని పొమ్మన్నాడు. ఎఫీ పై ముట్టలేదు. నాలుగో బాటలో గిబ్బీ గుంట చేస్తున్నాడని తను కమిటీ మొత్తానికీ చూపిస్తానంది. చూపించాక ఆయన్ని ఆ రోజే ఇంటికి పంపాలంది.

"చూపించలేకపోతేనో?" అన్నాడు నినియన్.

ఎఫీ మెడలోని విజిల్ తీసి చూపించింది. "ఇది మీ బల్ల మీద పెట్టి పోతాను. వాడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి."

అనేశాక గానీ ఆ మాట బరువు తెలియలేదు. విజిల్ పోతే ఆవిడకి ఇంక మిగిలేవి ఉల్లికాడలే. కానీ కళ్ళారా చూసింది కదా, ఇంక భయమేంటి?

శనివారం పొద్దున, మ్యాచ్‌కి ముందు, అందరి ఎదుటా రాయి వదిలి చూద్దామని తేలింది. ఎఫీ ఇంకో జాగ్రత్త కూడా పడింది. గిబ్బీ పొద్దున్నే వచ్చి ఆనవాళ్ళు చెరిపేస్తాడేమోనని, శుక్రవారం పిల్లల ఆట ముగియగానే గిబ్బీ దగ్గరున్న రింకు తాళంచెవి నినియన్‌ని తీసుకోమని, ఆయన జేబులోనే ఉంచమంది. గిబ్బీ తాళంచెవి ఇస్తూ ఒక్కటే అడిగాడట, శనివారం పొద్దున మంచు మీద తనకి కాస్త పనుంది, పోనీ ఒక అరగంట ముందు తలుపు తీయగలరా అని. చూశావా, కంగారు పడుతున్నాడు అని ఎఫీ నినియన్ చెవిలో ఊదింది. తలుపు తియ్యలేదు.

ఆ శుక్రవారం ఆవిడ పిల్లలకి మామూలు కంటే ఎక్కువసేపే దారి చూపించింది. పెర్త్ ఫైనల్ కథ కూడా పూర్తిగా చెప్పింది, గొర్రెలతో సహా.

శనివారం పొద్దున కమిటీ వాళ్ళంతా కోట్ల మీద కోట్లు వేసుకుని బాట పక్కన చెక్క నడవ మీద నిలబడ్డారు. నినియన్ ఒక ట్రే నిండా పైలు తెచ్చాడు, గొడవైతే మధ్యలో పంచొచ్చని. గిబ్బీ ఎదురు వరసలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పిల్లలు నలుగురూ ఒకరినొకరు ఆనుకుని ఉన్నారు. తూర్పు కిటికీలోంచి ఎండ లోపలికొచ్చి నాలుగో బాట మీద పొడుగ్గా పడుకుంది.

"వదలమ్మా రోనా" అంది ఎఫీ.

రోనా వదిలింది. రాయి అందంగా బయల్దేరింది, నున్నగా, ఎఫీ గీసిన గీత మీదే. మధ్యకి కాస్త ఇవతల ఉలిక్కిపడింది. పక్కకి తిరిగింది. పోయి గోడకి కొట్టుకుని, నినియన్ ట్రేలో పైలు అదిరిపడేలా చప్పుడు చేసి ఆగింది.

కమిటీ వాళ్ళు గిబ్బీ కేసి చూశారు. ఎఫీకి పెర్త్‌లో గెలిచి ఉంటే ఎలా ఉండేదో అలా ఉంది. "చూశారుగా" అని, కోటు ఎగ్గట్టుకుని, గుంట ఎక్కడో వేలితో చూపించడానికి బాట మీదికి దిగింది. ఎప్పట్లాగే ఒక మోకాలు మీద వాలింది. ఎప్పట్లాగే ఎడమచెయ్యి ఆనించింది.

చెయ్యి దిగిపోయింది.

సబ్బుబిళ్ళ తన పళ్ళెంలో కూర్చున్నట్టు, ఆవిడ అరచెయ్యి మంచులో ఒదిగి కూర్చుంది. ఎఫీ చెయ్యి తీసింది. ఏటవాలు ఎండలో గుంట నల్లగా మెరుస్తోంది. బుడిపెల్లేవు. అరచెయ్యి, బొటనవేలు, మూడు వేళ్ళు. ఆ పక్కన, బయటికి వంగి, ఎవరి మీదో నేరం మోపుతున్నట్టు, చిటికెన వేలు.

రోజూ పొద్దున గిబ్బీ కెటిల్‌తో వేణ్ణీళ్ళు పోసి, మంచుతో కలిపి గడ్డకట్టించి నింపుతున్నదేమిటో, రోజూ సాయంత్రం తన చెయ్యి వెచ్చదనానికి కరుగుతున్నదేమిటో, ఎఫీకి ఒక్కసారిగా తెలిసిపోయింది. రాయి నా చేతి మీదుగా పోవాలి అని పిల్లలకి చెప్పింది. రాయి చెప్పినట్టే వింది.

వెనక నడవ మీద ఎవరికీ ఏమీ కనిపించట్లేదు. ఆవిడ వీపు, కోటు అంచులు తప్ప. మోచేత్తో ఒక్క రుద్దు రుద్దితే ఆ వేళ్ళు పోతాయి, ఒట్టి గుంట మిగులుతుంది. గుంట ఉందని కదా తను నిరూపించాల్సింది, ఉంది. కమిటీ ఎవరినీ ఇంకేం అడగదు. మోచెయ్యి దానంతటదే కాస్త కిందకి దిగింది కూడా.

అప్పుడు తల ఎత్తి గిబ్బీ కేసి చూసింది, వాడు ఎలా చూస్తున్నాడోనని.

గిబ్బీ ఆవిడని చూడట్లేదు. పైకప్పు దూలాలు చూస్తున్నాడు. అక్కడ దూలాలు తప్ప ఏమీ లేదు. ఎదుటి జట్టువాడి చీపురు రాయికి తగిలినప్పుడు మర్యాద తెలిసిన కర్లర్ ఎలా చూపు తిప్పుకుంటాడో, అచ్చం అలా, మెడ నొప్పెట్టేలా పైకి చూస్తున్నాడు. ఉద్యోగం పోతున్నా నోరు విప్పకుండా ఇన్నాళ్ళూ ఆయన చేసింది ఆ ఒక్క పనే. వేలెత్తి చూపకుండా, చెయ్యెత్తుతుందేమోనని ఎదురుచూడడం.

ఎఫీ మోచెయ్యి వెనక్కి తీసుకుంది. ఎడమచెయ్యి ఎత్తింది. తడిసి ఎర్రబడ్డ చెయ్యి, వంకర వేలుతో సహా.

"నాది" అంది.

"ఏది నీది?" అన్నాడు నినియన్.

"గుంట. తగిలించింది నేను. వచ్చి చూసుకోండి, వేలితో సహా ఉంది."

కమిటీ వాళ్ళు ఒకరి వెనక ఒకరు దిగి వచ్చి, వంగి చూసి, ఆవిడ చెయ్యి చూసి, మళ్ళీ గుంట చూసి, వరసగా దగ్గారు. మిర్రన్ మాత్రం ఆగలేకపోయింది. ఇది తను ముందే చెప్పబోయానంది.

"నువ్వు చెప్పకూడదే పిల్లా, నేనే చెప్పాలి" అంది ఎఫీ. "రోజూ మీకు నేర్పేది ఏంటి మరి?"

తర్వాత మెడలోంచి విజిల్ తీసింది. మాట అంటే మాట. నినియన్ చెయ్యి చాపలేదు గానీ, చాపకుండా ఎలా ఉండాలో కూడా ఆయనకి తెలియలేదు. చేతిలో ట్రే ఉంది కాబట్టి సరిపోయింది.

"ఆగండి పెద్దాయనా." గిబ్బీ టోపీ తలకి పెట్టుకుని బాట మీదికి దిగాడు. "తగిలించినవాళ్ళు ఒప్పుకున్నాక, ఏం చెయ్యాలో చెప్పేది ఎదుటి స్కిప్పు. కమిటీ కాదు. ఇక్కడ ఎదుటోణ్ణి నేను."

అది పుస్తకంలో ఉన్న నియమమే.

గిబ్బీ ఏమీ తొందరపడలేదు. జీవితంలో ఎప్పుడూ స్కిప్‌గా ఆడనివాడు, వచ్చిన అవకాశాన్ని వడ్డీతో సహా వాడుకున్నాడు. మంచు మీద మోకాలేసి కూర్చున్న ఎఫీ చుట్టూ, ఇంట్లో నిలిచిన రాయి చుట్టూ తిరిగినట్టు నెమ్మదిగా ఒక చుట్టు తిరిగాడు. వంగి ఎడమ పక్క నుంచి చూశాడు. కుడి పక్క నుంచి చూశాడు. బాట ఆ చివరికి నడిచిపోయి, అక్కడ గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, ఆవిడ మీద గురి చూశాడు. పైలు చల్లారిపోయాయి. ఎఫీ లేవలేదు. లేవాలంటే చెయ్యి ఆనించాలి, ఆనించే ధైర్యం లేదు.

చివరికి తిరిగొచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"ఉన్నచోటే ఉండనీ" అన్నాడు.

నినియన్ పెద్దగా ఊపిరి వదిలాడు. గిబ్బీ జేబులోంచి కెటిల్ పట్టుకునే మాడిన గుడ్డ తీసి ఎఫీ ఒళ్ళో పడేశాడు. "ఇకమీదట ఇది కింద వేసుకుని ఆనించు స్కిప్పూ. మంచు మాట వినపడకపోతే నన్నడుగు, నేను చెబుతా."

ఎఫీ గుడ్డని తిప్పి చూసింది. అలవాటు కొద్దీ వాసన కూడా చూసింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా?" అంది మెల్లగా.

"నీ చేతిని నేనెలా ఎత్తుతాను?" అన్నాడు గిబ్బీ. గుడ్డ పరిచి, దాని మీద చెయ్యి ఆనించమని, రెండో చెయ్యి పట్టుకుని లేపాడు. తర్వాత కెటిల్ కోసం పోయాడు, మ్యాచ్‌కి ఇంకా టైముందని.

మధ్యాహ్నం ఆట కేకలు పెట్టించే ఆట అయింది. ఆఖరి రాయి దాకా రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆఖరి రాయి రోనాది. అది బయల్దేరి, మధ్యకి కాస్త ఇవతలకి వచ్చేసరికి, గ్యాలరీలో ఎఫీ కళ్ళు మూసుకుంది. గిబ్బీ రెప్ప వాల్చకుండా చూస్తూనే ఉన్నాడు, మేనకోడలు ఓడిపోతుందని తెలిసినా సరే. రాయి ఆ చోటి మీదుగా ఉలుకూ పలుకూ లేకుండా, అప్పుడే ఇస్త్రీ చేసిన దుప్పటి మీద జారినట్టు పోయి, ఇంటి నడిబొడ్డున కూర్చుంది. ఎఫీ పెట్టిన కేకకి ఆ రోజు ఎదుటి దీవిలో కూడా పక్షులకి నిలువ నీడ దొరకలేదని చెబుతారు.

ఆట అయ్యాక ఆకెన్‌బ్రే పిల్లలు కార్‌మెలో పిల్లలకి నిమ్మ సోడాలు కొనిచ్చి, వాళ్ళ పక్కనే కూర్చున్నారు. కార్‌మెలో పిల్లలు అవి తాగారు. మొహాలు చూస్తే బురదనీళ్ళు తాగుతున్నట్టే ఉన్నారు గానీ, మర్యాదగా తాగారు.

అవతలి బల్ల దగ్గరికి గిబ్బీ రెండు కప్పుల టీ తెచ్చి, ఒకటి ఎఫీ ముందు పెట్టాడు. పొద్దున గెలిచింది తనే కాబట్టి కొనాల్సింది కూడా తనేనట.

ఎఫీ ఆయన మొహం చూసింది. కప్పు అడుగు చూసింది. మళ్ళీ ఆయన మొహం చూసింది.

"ఏ కెటిల్‌లో కాచావు?"

"ఉన్నదొక్కటేగా."

"అందులో ఏం కలిపావు?"

"చక్కెర."

ఆవిడ కప్పు ఎడమచేత్తో ఎత్తుకుని ఒక గుటక వేసింది. బురదనీళ్ళలా లేదు. ఆ మాట మాత్రం పైకి అనలేదు. ఇంకో గుటక వేసింది, తర్వాత ఇంకోటి. కప్పు ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చుని తాగింది. వంకర చిటికెన వేలు మాత్రం ఆ కాసేపూ గిబ్బీ కేసే చూపిస్తూ ఉంది.